ఓటు లేనివాళ్ళు బ్రస్సెల్స్‌కు అర్జీ పెట్టడం ఎలా

2024 జూన్ 9, ఆదివారం. మా వీధి చివర ప్రైమరీ స్కూల్లో యూరోపియన్ పార్లమెంటు ఎన్నికల పోలింగ్. కింది అంతస్తులో ఉండే పెద్దావిడ ఓటు చీటీ పట్టుకుని మెట్ల దగ్గర ఎదురై, "నువ్వు రావడం లేదా?" అని అడిగింది. నాకు ఓటు లేదన్నాను. ఆవిడ నమ్మలేదు. "పన్ను కడతావు కదా?" అంది.

కడతాను. జర్మనీకి వచ్చి అప్పటికి ఆరేళ్ళు. కానీ నాది ఇండియా పాస్‌పోర్టు. ఆ నెలాఖరు నుంచి జర్మనీ రెండు పౌరసత్వాలకు ఒప్పుకుంది గానీ, మన దేశం ఒప్పుకోదు. ఖమ్మంలో అమ్మానాన్నలు ఉండగా ఆ పాస్‌పోర్టు వదులుకోవడానికి నాకు మనసు రాలేదు.

అయినా ఆ ఎన్నికల్లో గెలిచిన 720 మంది చేసే చట్టాలు మా ఇంట్లోకి రోజూ వస్తూనే ఉంటాయి. మా ఆయన నివాస కార్డు ఎన్ని రోజుల్లో ఇవ్వాలి, మా అమ్మావాళ్ళు ఇక్కడికి రావడానికి వీసా ఫీజు ఎంత కట్టాలి, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి హైదరాబాద్ వెళ్ళే విమానం గంటల తరబడి ఆలస్యమైతే తలకి 600 యూరోల దాకా పరిహారం వస్తుందా రాదా, ఇవన్నీ తేల్చేది యూరోపియన్ యూనియన్ చట్టాలే. ఓటు లేకపోయినా వీటి మీద మన మాట చెప్పుకునే దారులు ఉన్నాయి. వాటిలో ఒకటి ఏకంగా ఒప్పంద పత్రంలోనే రాసి ఉంది: యూనియన్ దేశాల్లో నివసించే ఎవరైనా యూరోపియన్ పార్లమెంటుకు అర్జీ పెట్టుకోవచ్చు. పౌరులే కానక్కర్లేదు. నాకు ఈ సంగతి కష్టం వచ్చాకే తెలిసింది. మీకు ముందే తెలిస్తే మంచిదని రాస్తున్నాను.

ముందు ఎవరి తలుపో చూసుకోండి

మా నాన్న ఖమ్మంలో తహసీల్దారు ఆఫీసు ముందు వేపచెట్టు కింద టైప్‌రైటర్ పెట్టుకుని ముప్పై ఏళ్ళు అర్జీలు రాసిపెట్టారు. ఎవరైనా ఏడుస్తూ వస్తే ముందు మంచినీళ్ళు ఇచ్చేవారు. తర్వాత అడిగే మొదటి ప్రశ్న "నీ కాగితం ఇప్పుడు ఎవరి బల్ల మీద ఉంది?" అని. రెవెన్యూ వాళ్ళ దగ్గరుందా, పంచాయతీ దగ్గరుందా, కోర్టులో ఉందా? అది తేలకుండా ఒక్క అక్షరం కొట్టేవారు కాదు.

ఇక్కడా అంతే. చట్టం ముసాయిదా తయారుచేసేది బ్రస్సెల్స్‌లోని యూరోపియన్ కమిషన్. దాన్ని మార్చి, ఆమోదించేది పార్లమెంటు, సభ్యదేశాల మంత్రులు కూర్చునే కౌన్సిల్. అమలు చేసేది మాత్రం మీ ఊరి ఆఫీసు. మన లోక్‌సభలో మంత్రి కాని ఎంపీ కూడా ప్రైవేటు బిల్లు పెట్టొచ్చు. యూరోపియన్ పార్లమెంటు సభ్యులకు ఆ హక్కు లేదు, ముసాయిదా కమిషన్ నుంచి రావలసిందే. ఆ కమిషన్‌ను జనం నేరుగా ఎన్నుకోరు. అధ్యక్షురాలు ఉర్సులా ఫాన్ డెర్ లేయెన్‌ను 2024 జూలై 18న పార్లమెంటు 401 ఓట్లతో ఎన్నుకుంది. ఆ పార్లమెంటును ఎన్నుకోవడానికి వచ్చిన ఓటర్లు దాదాపు సగం మంది. 2014లో అయితే 43 శాతం కూడా రాలేదు.

ఇంత దూరంగా ఉన్న ప్రభుత్వానికి "మమ్మల్ని అడిగే చేశారు" అని జనం చేత అనిపించుకోవడం కష్టం. ఆ లోటు వాళ్ళకీ తెలుసు. అర్జీ హక్కూ, యూనియన్ సంస్థల మీద ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్ పదవీ 1993లో అమల్లోకి వచ్చిన మాస్ట్రిక్ట్ ఒప్పందంతో ఒప్పంద హక్కులయ్యాయి. పది లక్షల మంది పౌరుల సంతకాలతో కమిషన్‌ను చట్టం కోరే పద్ధతి 2009 నాటి లిస్బన్ ఒప్పందంతో వచ్చింది. ఈ తలుపులు మనం తట్టకపోతే, నెల జీతం మీద అదే పనిగా తట్టే కంపెనీల మనుషులు బ్రస్సెల్స్‌లో వేలల్లో ఉన్నారు. ముసాయిదా రాసేవాళ్ళకి వాళ్ళ గొంతే వినపడుతుంది. నాకు నిజంగా దిగులు కలిగించేది అదే.

కాబట్టి మీ కష్టాన్ని ముందు ఇలా చూసుకోండి. మీ ఊరి ఆఫీసు యూరోపియన్ చట్టాన్ని సరిగ్గా అమలు చేయకపోతే పార్లమెంటుకు పిటిషన్, లేదా కమిషన్‌కు ఫిర్యాదు. చట్టమే బాగోలేదనుకుంటే, అది ముసాయిదాగా ఉన్నప్పుడే కమిషన్‌కు అభిప్రాయం. యూనియన్ సంస్థే మీకు జవాబివ్వకుండా కూర్చుంటే అంబుడ్స్‌మన్. ఇంటి అద్దె గొడవో, పిల్లాడి స్కూల్ సీటో అయితే అది ఆ దేశం పని. బ్రస్సెల్స్‌కు రాస్తే తిరిగొస్తుంది.

అర్జీ రాయడం

2023 డిసెంబర్ 4న మా ఆయన నివాస కార్డుకు అన్ని కాగితాలతో అప్లికేషన్ ఇచ్చాం. నాది బ్లూ కార్డ్, అంటే నైపుణ్యమున్న విదేశీ ఉద్యోగులకు యూనియన్ దేశాలు ఇచ్చే నివాస అనుమతి. 2021లో సవరించిన బ్లూ కార్డ్ డైరెక్టివ్ (యూనియన్ చట్టం) ప్రకారం, పూర్తి కాగితాలు అందాక కుటుంబసభ్యులకు 90 రోజుల్లోపు నిర్ణయం చెప్పాలి. సభ్యదేశాలు దాన్ని 2023 నవంబర్ 18 కల్లా తమ చట్టాల్లోకి తేవాలి. మా ఊరి ఆఫీసు జనవరిలో పలకలేదు, ఫిబ్రవరిలో పలకలేదు. మార్చి మొదటి వారంలో మా అత్తగారికి గుండె ఆపరేషన్ అన్నారు. కార్డు లేకుండా దేశం దాటితే తిరిగి రానిస్తారో లేదో తెలియదు. మా ఆయన వెళ్ళలేకపోయారు. ఆసుపత్రి కారిడార్‌లో మా మరిది పట్టుకున్న ఫోన్లో వాళ్ళమ్మను చూసుకున్నారు.

ఆ వారం నేను రాసిన మొదటి అర్జీ రెండున్నర పేజీలు. మా అత్తగారి ఆపరేషన్, ఆఫీసులో నాతో ఒకరు మాట్లాడిన తీరు, చలిలో పొద్దున్నే క్యూ, చివర్లో "దయచేసి న్యాయం చేయండి" అని. నాన్నకు ఫోన్లో చదివి వినిపించాను. ఆయన మొత్తం విని, "ఇందులో తేదీ ఏది?" అన్నారు. తేదీ ఒక్కటే ఉంది, అదీ రెండో పేజీలో.

"ఒక కాగితానికి ఒకే కష్టం, తల్లీ. క్యూ సంగతి వేరే అర్జీ. మాట్లాడిన తీరు వేరే అర్జీ. నీకు కావలసింది కార్డు. కార్డు గురించే రాయి."

మార్చి 18 రాత్రి మళ్ళీ రాశాను. ఈసారి ఒకటే పేజీ. దాని నడుమ భాగం దాదాపు ఇలా ఉంది:

"2023 డిసెంబర్ 4: పూర్తి పత్రాలతో దరఖాస్తు ఇచ్చాం. రసీదు జతపరిచాను, జత 1. 2024 జనవరి 22: ఈమెయిల్‌లో విచారించాం, జవాబు లేదు, జత 2. ఫిబ్రవరి 19: మళ్ళీ రాశాం, జవాబు లేదు, జత 3. మార్చి 3: 90 రోజులు పూర్తయ్యాయి. ఈ రోజుకు 105 రోజులు. ఫలానా డైరెక్టివ్‌లోని కుటుంబసభ్యుల ఆర్టికల్ ప్రకారం గడువు దాటింది. దీనివల్ల నా భర్త తల్లి శస్త్రచికిత్స సమయంలో ప్రయాణించలేకపోయారు. ఈ గడువు మా దేశంలో పాటించబడుతోందా లేదా కమిషన్ చేత విచారించమని కోరుతున్నాను."

ఆపరేషన్ సంగతి ఒక్క వాక్యంలో ఒదిగింది. దాన్ని కుదించడం నాకు చాలా కష్టమైంది. కానీ మళ్ళీ చదువుకుంటే, రెండున్నర పేజీల్లో కన్నా ఆ ఒక్క వాక్యంలోనే అది బరువుగా ఉంది.

ఇక పద్ధతి. పార్లమెంటుకు పిటిషన్ల కోసం ప్రత్యేకంగా వెబ్ పోర్టల్ ఉంది. అకౌంట్ తెరిచి, శీర్షిక, విషయం రాసి, జతలు పెట్టాలి. పోస్టులో పంపినా తీసుకుంటారు. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. యూనియన్ అధికార భాషలు 24, వాటిలో దేనిలోనైనా రాయొచ్చు. మన తెలుగు వాటిలో లేదు కాబట్టి మీకు బాగా వచ్చిన వేరే భాషలో రాయండి. నేను ఇంగ్లీషులో రాశాను. ఏజెంట్ చేత గంభీరమైన జర్మన్‌లో రాయించుకోవడం కన్నా, మీకు అర్థమయ్యే నాలుగు ముక్కలు మీరే రాయడం మేలు. తర్వాత వాళ్ళు ఏదైనా అడిగితే జవాబు చెప్పుకోవలసింది మీరే.

పిటిషన్ నిలబడాలంటే రెండు సంగతులు తేలాలి. విషయం యూనియన్ పరిధిలోది కావాలి, మీకు నేరుగా సంబంధించినది కావాలి. మొదటిది చూపడానికే చట్టం పేరు, ఆర్టికల్ నంబర్ కావాలి. యూనియన్ చట్టాలన్నీ ఇరవైనాలుగు భాషల్లో వాళ్ళ అధికారిక వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతాయి. "కుటుంబసభ్యులు" అని ఉన్న ఆర్టికల్ ఒక్కటి తెరిచి చదివితే చాలు, అరగంట పని. ఎవరో వాట్సాప్‌లో పంపిన ముక్కను నమ్మి నంబర్ వేయకండి. రెండోదానికి మీ రసీదు చాలు.

పేరు విషయంలో జాగ్రత్త. పిటిషన్లు బహిరంగ పత్రాలు, పేరు బయటకు వస్తుంది. పేరు దాచమని కోరే వీలు ఫారంలోనే ఉంది. పంపే ముందే ఆ గడి చూసుకోండి. మీ కార్డు ఇంకా ఆ ఆఫీసు చేతిలోనే ఉండి భయంగా ఉంటే పేరు దాచుకోవడంలో తప్పేం లేదు. నేను దాచుకున్నాను.

అన్నిటికన్నా ముఖ్యమైనది: పిటిషన్ కోర్టు కాదు. అది పెట్టినంత మాత్రాన మీ దేశంలోని కోర్టు గడువులు ఆగవు. జర్మనీలో అయితే దరఖాస్తు ఇచ్చి మూడు నెలలు దాటినా కారణం లేకుండా నిర్ణయం రాకపోతే పరిపాలనా కోర్టుకు వెళ్ళవచ్చు. వ్యక్తిగతంగా పని త్వరగా కావాలంటే అదే దారి. మేం రెండూ చేశాం. పిటిషన్ పంపిన మూడో వారం ఒక లాయర్ చేత ఆఫీసుకు ఉత్తరం రాయించాం. 2024 మే 23న, అంటే 171వ రోజున, కార్డు వచ్చింది. లాయర్ ఉత్తరం వల్లే వచ్చిందని నా నమ్మకం.

మరి పిటిషన్ ఏమైంది? నంబర్‌తో రసీదు వచ్చింది. ఆ సాయంత్రం నాన్నకు ఫోన్ చేస్తే, "ఆఫీస్ కాపీ మీద ముద్ర వేసిచ్చారా?" అని అడిగారు. నంబర్ చదివి వినిపించాను. రాసుకున్నారు. కొన్ని నెలల తర్వాత పిటిషన్ల కమిటీ నుంచి ఉత్తరం వచ్చింది: అర్జీ పరిధిలోనే ఉంది, కమిషన్ అభిప్రాయం కోరుతున్నాం అని. ఆ తర్వాత ఏడాది కమిషన్ జవాబు వచ్చింది. ఒక్కొక్కరి కేసు చూడాల్సింది ఆ దేశపు ఆఫీసులూ కోర్టులే, కానీ ఈ డైరెక్టివ్‌ను దేశాలు ఎలా పాటిస్తున్నాయో పరిశీలించేటప్పుడు ఈ సమాచారాన్ని గమనంలోకి తీసుకుంటాం అన్నారు. దాంతో ఫైలు మూసేశారు.

అది తక్కువ ఫలితమని మీకు అనిపించవచ్చు. నాకూ ఒక వారం అలాగే అనిపించింది. కానీ 90 రోజుల గడువు కాగితం మీద ఒకలా, మా ఊళ్ళో ఒకలా ఉందని బ్రస్సెల్స్‌లో ఒక ఫైల్లో తేదీలతో సహా రాసి ఉంది. అదే మాట ఇంకో ఊరి నుంచి, ఇంకో దేశం నుంచి కూడా చేరితే అది ఒక్క ఇంటి గోడు అనే వీలుండదు. పరిధిలోనిదే అని తేలిన పిటిషన్లు పోర్టల్లో కనిపిస్తాయి. మీ కష్టం లాంటిది అప్పటికే ఉంటే, కొత్తది రాయకుండా దానికే మద్దతు నమోదు చేయొచ్చు. ముందు అది వెతకండి.

చట్టం పుట్టకముందే

నాకు ఇప్పటికీ బాధగా ఉన్న విషయం ఒకటుంది. 2024 జూన్ 11 నుంచి షెంగెన్ వీసా ఫీజు పెద్దవాళ్ళకి 80 యూరోల నుంచి 90 అయింది. మా అమ్మానాన్నలు హైదరాబాద్‌లో అప్లికేషన్ ఇచ్చింది ఆ నెలాఖర్లోనే. ఆ పెంపు ముసాయిదా అంతకు కొన్ని నెలల ముందే కమిషన్ వెబ్‌సైట్లో అభిప్రాయాల కోసం నాలుగు వారాలు ఉంది. నేను చూడలేదు. ఫీజును మూడేళ్ళకోసారి సమీక్షించాలని వీసా చట్టంలోనే ఉంది. అంటే మళ్ళీ వస్తుంది. ఈసారి నేను చూస్తాను.

కమిషన్‌కు ఈ పనికోసమే ఒక పోర్టల్ ఉంది. రిజిస్టర్ అయి, మీకు కావలసిన విషయాలకు ఈమెయిల్ వచ్చేలా పెట్టుకోండి. "వలసలు, హోం వ్యవహారాలు" ఒక్కటి ఎంచుకున్నా చాలు. ఆలోచన దశలో ఉన్నవాటికి మామూలుగా 4 వారాలు, పూర్తి స్థాయి ప్రజాభిప్రాయ సేకరణకు 12 వారాలు, కమిషన్ బిల్లు బయటపెట్టాక ఇంకో 8 వారాలు గడువు ఇస్తారు. యూనియన్ బయట ఉన్నవాళ్ళు కూడా రాయొచ్చు. అంటే వీసా ఫీజు గురించి ఖమ్మం నుంచి మా నాన్న కూడా రాయొచ్చు.

రాసేటప్పుడు "ఇది అన్యాయం" అన్నదానికన్నా, మీకే తెలిసిన సంగతి చెప్పండి. బ్రస్సెల్స్‌లో ముసాయిదా రాసే అధికారికి వీసా ఫీజు లెక్క తెలుసు. ఖమ్మం నుంచి డెబ్భై ఏళ్ళ మనిషి వేలిముద్రలకోసం హైదరాబాద్‌కు రానుపోను ఇద్దరికి ఎంతవుతుందో, రాత్రి ఎక్కడ పడుకుంటారో ఆయనకు తెలియదు. అది మీకు తెలుసు.

సంఖ్యాబలం ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. 2018 వేసవిలో గడియారాలు ముందుకూ వెనక్కూ తిప్పడం మానేద్దామా అని కమిషన్ అడిగితే 46 లక్షల జవాబులు వచ్చాయి. అంతకుముందు ఎన్నడూ అన్ని రాలేదు. 84 శాతం మంది మానేద్దామన్నారు. కానీ అందులో దాదాపు 30 లక్షలు ఒక్క జర్మనీవే. 2019 మార్చిలో పార్లమెంటు సరేనంది. మంత్రుల కౌన్సిల్లో దేశాల మధ్య ఒప్పందం కుదరలేదు, విషయం అక్కడే ఆగింది. ఒక దేశం గొంతు యూరప్ మొత్తం గొంతుగా చెల్లదని మిగతా దేశాలు అనుకుంటే తప్పుపట్టలేం. మీ తెలుగు సంఘంలో ఒకే పేరాగ్రాఫ్‌ను ఐదొందల మంది చేత కాపీ చేయించి పంపించడం కన్నా, నాలుగు దేశాల్లో ఉన్న నలుగురు తమ తమ రసీదులతో రాస్తే ఎక్కువ నిలబడుతుంది.

మిగతా దారులు

అంబుడ్స్‌మన్ ఆఫీసు స్ట్రాస్‌బర్గ్‌లో ఉంది, 1995 నుంచి పనిచేస్తోంది. ఇది యూనియన్ సంస్థల మీద ఫిర్యాదులకే. మీ ఊరి ఆఫీసు మీద పంపితే తీసుకోరు. ముందు ఆ సంస్థకే రాసి ఉండాలి, విషయం తెలిసిన రెండేళ్ళలోపు ఫిర్యాదు చేయాలి.

మన ఆర్టీఐ లాంటిది ఇక్కడా ఉంది. 2001 నాటి రెగ్యులేషన్ ప్రకారం యూనియన్ దేశాల్లో నివసించే ఎవరైనా కమిషన్, పార్లమెంటు, కౌన్సిల్ దగ్గరున్న పత్రాలు అడగొచ్చు. మనకు 30 రోజులైతే, వాళ్ళకి 15 పనిదినాలు, అవసరమైతే ఇంకో 15. కాదంటే మరోసారి పరిశీలించమని అడగాలి, అప్పుడూ కాదంటే అంబుడ్స్‌మన్ దగ్గరికి.

పది లక్షల సంతకాల పద్ధతిలో మాత్రం మనకు చోటు లేదు. కనీసం ఏడు దేశాల నుంచి ఏడాదిలోపు పది లక్షల మంది యూనియన్ పౌరులు సంతకం చేస్తే కమిషన్ దాన్ని పరిశీలించి జవాబివ్వాలి. చట్టం తెచ్చి తీరాలని లేదు. మంచినీళ్ళు హక్కు కావాలన్న మొదటి ఉద్యమానికి 2013లో 16 లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి, తాగునీటి డైరెక్టివ్ సవరణ 2020లో వచ్చింది. పంజరాల్లో కోళ్ళనూ పశువులనూ పెంచడం ఆపాలని దాదాపు 14 లక్షల మంది కోరితే, 2023 చివరికల్లా బిల్లు తెస్తామని 2021లో కమిషన్ మాటిచ్చింది. ఆ గడువుకు తేలేదు. అలా మాట తప్పినప్పుడే ఈ పద్ధతి మీద జనానికి నమ్మకం సడలుతుంది. మన సంతకం చెల్లకపోయినా, పౌరసత్వం తీసుకున్న మన స్నేహితులకు విషయం చెప్పి, వాళ్ళు చదివాకే సంతకం చేయమనొచ్చు.

స్థానిక ఎన్నికల సంగతి దేశాన్ని బట్టి ఉంటుంది. ఐర్లండ్‌లో ఉండేవాళ్ళు ఏ దేశం వారైనా స్థానిక ఎన్నికల్లో ఓటేయొచ్చు, పేరు నమోదు చేసుకోవాలి, అంతే. నెదర్లాండ్స్‌లో ఐదేళ్ళు వరసగా ఉంటే పురపాలక ఎన్నికల్లో ఓటు ఉంటుంది. డబ్లిన్‌లో, ఐంట్‌హోవెన్‌లో ఉన్న మన వాళ్ళలో చాలామందికి ఇది తెలియదు. జర్మనీలో యూనియన్ బయటి దేశాల వాళ్ళకి ఆ హక్కు లేదు. రెండు రాష్ట్రాలు ఇవ్వబోతే 1990లో రాజ్యాంగ కోర్టు కొట్టేసింది.

ఇప్పుడు నేను తేదీలు రాసుకుంటున్న సంగతి ఒకటి చెప్తాను. ఉద్యోగం మీద వచ్చినవాళ్ళ అనుమతి గురించి 2024లో సవరించిన సింగిల్ పర్మిట్ డైరెక్టివ్‌ను దేశాలు తమ చట్టాల్లోకి తేవడానికి గడువు 2026 మే 21. దరఖాస్తుపై 90 రోజుల్లో నిర్ణయం, కంపెనీ మారే హక్కు, ఉద్యోగం పోతే వెతుక్కోవడానికి కనీసం మూడు నెలలు, రెండేళ్ళకు మించి ఆ అనుమతి మీద ఉన్నవాళ్ళకి ఆరు నెలలు అందులో ఉన్నాయి. 2024లో ఆమోదించినప్పుడు ఐర్లండ్, డెన్మార్క్ దీంట్లో లేవు. బ్లూ కార్డ్ వాళ్ళకి నిబంధనలు వేరు. మీది ఆ అనుమతి అయితే, ఇప్పటినుంచే ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. ఏ రోజు ఏ కాగితం ఇచ్చారు, ఎవరి బల్ల మీదికి వెళ్ళింది, రసీదు ఎక్కడుంది. నాన్న నాకు కొరియర్లో పంపిన నోట్‌బుక్‌లో మొదటి పేజీ ఆయనే గీతలు గీసి పంపారు: తేదీ, ఎవరికి, ఏమి ఇచ్చాం, ముద్ర ఉందా.